1942లో ముత్తాత, 2020లో నేను: మన జిల్లాలో కాలం చక్రంలా తిరుగుతోందా?

కళింగపట్నం రేవు | కనుమ, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పండక్కి ఊరొచ్చాను. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో మాకు ఎనభై సెంట్ల కొబ్బరితోట ఉంది. అది అమ్మేసి హైదరాబాద్ ఫ్లాట్ అప్పు తీర్చేద్దామని నేను, అమ్మకూడదని నాన్న. మూడేళ్లుగా ఇదే గొడవ. ఈసారి నాన్న కోప్పడలేదు. నెమ్మదిగా ఒక్క మాట అన్నారు. "మా తాత రంగూన్ నుంచి నడిచొచ్చినప్పుడు కూడు పెట్టింది ఆ ముక్కే. లాక్‌డౌన్‌లో నువ్వు పెళ్లాంపిల్లలతో దిగినప్పుడూ అదే. మళ్లీ ఎప్పుడు రావలసొస్తుందో నీకు తెలుసా?"

రాత్రి నిద్ర పట్టలేదు. లెక్క వేసుకున్నాను. 1942, 2020. మధ్యలో 78 ఏళ్లు.

విలియం స్ట్రాస్, నీల్ హవ్ అనే ఇద్దరు అమెరికా వాళ్లు 1990లలో ఒక సిద్ధాంతం చెప్పారు. సమాజం సుమారు ఎనభై ఏళ్లకోసారి పెద్ద సంక్షోభంలో పడుతుందట. ఆ ఎనభై ఏళ్లలో నాలుగు తరాలు, ఒక్కోటి ఇరవై ఏళ్లు. సంక్షోభం దాటినవాళ్లు సంస్థలు కడతారు, తర్వాతివాళ్లు వాటిని ప్రశ్నిస్తారు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లదవుతుంది, నాలుగోసారి అంతా కూలుతుంది. వాళ్ల దేశంలో స్వాతంత్ర్య యుద్ధం 1770లలో, అంతర్యుద్ధం 1860లలో, మాంద్యం, రెండో ప్రపంచ యుద్ధం 1930, 40లలో వచ్చాయి. తర్వాతి సంక్షోభం 2005 ప్రాంతంలో మొదలై 2026 నాటికి తేలుతుందని వాళ్లు 1997లోనే రాశారు.

మా ఇంటి లెక్క దీనికి సరిపోతోంది. ఇది నిజంగా చక్రమేనా, లేక నాకే అలా కనిపిస్తోందా? మీ ఇళ్లలో పెద్దలు 1942 గురించి ఏమైనా చెప్పారా?

లెక్కల పిచ్చి | రాత్రి 10:15

అన్నయ్యా, తేదీలు ఏరుకుంటే ఏ చక్రమైనా కుదురుతుంది. మన దగ్గర పెద్ద సంఘటనలు వరసగా చూడండి. బొబ్బిలి యుద్ధం 1757. పద్మనాభం యుద్ధం, విజయనగరం రాజు కంపెనీ సైన్యం చేతిలో పోవడం 1794. మధ్యలో 37 ఏళ్లు. మందసలో రైతుల మీద కాల్పులు 1940, అంటే 146 ఏళ్ల తర్వాత. లేవిడి దగ్గర గిరిజనుల మీద కాల్పులు 1967, అంటే 27 ఏళ్లకే. ఎనభై ఎక్కడుంది?

బర్మా సంగతే తీసుకోండి. మనవాళ్లు 1942లో ఒక్కసారే తిరిగి రాలేదు. 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చాక దుకాణాలు, మిల్లులు జాతీయం చేశారు. 1964లో యాభై, వంద చాట్ (అక్కడి డబ్బు) నోట్లు రద్దు చేశారు. ఆ దెబ్బకి మళ్లీ లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వచ్చేశారు. అది మీ లెక్కలో 22 ఏళ్లకే వచ్చిన సంక్షోభం. మీ ముత్తాత రెండోసారి వెళ్లి ఉంటే మీరు వేరే సిద్ధాంతం రాసేవారు.

పాత చాక్‌పీస్ | విజయనగరం | రాత్రి 11:02

బాబూ, నేను ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఎనభై ఏళ్ల చక్రం వాళ్లది. మనకు అరవై ఏళ్ల చక్రం ఉండనే ఉంది కదా. ప్రభవ నుంచి అక్షయ దాకా.

2025 ఉగాదితో మొదలైనది విశ్వావసు. దీనికి ముందు విశ్వావసు 1965-66. ఆ ఏడు పాకిస్తాన్‌తో యుద్ధం, వానల్లేవు, అమెరికా గోధుమల ఓడ కోసం దేశమంతా ఎదురుచూసింది. ఆ తర్వాతి పరాభవలో మళ్లీ కరువు, రూపాయి విలువ తగ్గింపు, విశాఖ ఉక్కు ఉద్యమం, కాల్పులు. అంతకు ముందు విశ్వావసు 1905. బెంగాల్ విభజన, వందేమాతరం. ఇలా చెబితే పిల్లలు నోరెళ్లబెట్టి వినేవారు.

కాని నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. మన పెద్దలు కరువులకు సంవత్సరాల పేర్లే పెట్టుకున్నారు. 1832లో వచ్చింది నందన కరువు, 1876లో వచ్చింది ధాత కరువు. నందన మళ్లీ 1892, 1952, 2012లో వచ్చింది. ధాత 1936లో, 1996లో వచ్చింది. పేరు తిరిగొచ్చింది గాని డొక్కలెండే ఆ కరువు రాలేదు. మధ్యలో రైళ్లు పడ్డాయి, కాలవలు తవ్వారు, రేషన్ షాపులు వచ్చాయి. అవి మనుషులు చేసిన పనులు. వాటిని చక్రం తెచ్చిపెట్టలేదు.

మరి అరవై అన్న అంకెకి అర్థం లేదా అంటే ఉంది. అది ఒక మనిషి జ్ఞాపకానికి కొలత. ఇరవై ఏళ్లప్పుడు నందన కరువు చూసినవాడు మళ్లీ నందన వచ్చేసరికి ఎనభై ఏళ్లవాడు. అరుగు మీద కూర్చుని "జాగ్రత్తరోయ్" అనడానికి ఊరికి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. ఆ తర్వాత ఎవరూ ఉండరు. 1377లో ఇబ్న్ ఖల్దూన్ అనే అరబ్బు చరిత్రకారుడు ఇదే రాశాడు. ఇంటి ప్రతిష్ఠ నాలుగు తరాలు నిలుస్తుందన్నాడు. కట్టినవాడికి కష్టం తెలుసు. కొడుకు ఆ కష్టాన్ని కళ్లారా చూశాడు. మనవడు విని అలాగే నడుచుకుంటాడు. మునిమనవడు అది పుట్టుకతో తనకు వచ్చిన హక్కనుకుంటాడు, అక్కడ పోతుంది. మన జిల్లాల్లో జమీందారీ కోటలు చూస్తే ఆ మాట గుర్తొస్తుంది నాకు.

ఉద్దానం జీడిచెట్టు | కవిటి | మర్నాడు ఉదయం 6:20

మాస్టారు చెప్పినదానికి నా ఉదాహరణ. మాకు కాలం అంటే చెట్టే. దేశవాళీ కొబ్బరి నాటితే కాపుకి ఆరేడేళ్లు. తర్వాత అరవై ఏళ్లు తింటాం. మా తాత నాటినవి నేను తిన్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. సూర్యుడు పొడిచేసరికి తాత నాటిన చెట్లు నేల మీద ఉన్నాయి. జీడితోట కూడా వేళ్లతో లేచిపోయింది. రెండు తరాల పని ఒక్క రాత్రిలో పోయింది.

పరిహారం వచ్చింది, మొక్కలు ఇచ్చారు. నాటినవాళ్లంతా నా వయసు వాళ్లే, యాభై దాటినవాళ్లు. కుర్రాళ్లు ఒక్కరూ గునపం పట్టలేదు. ఇప్పటి పిల్లలకు ఆరేళ్లు ఆగే ఓపిక లేదు. తరం మారిందంటే నాకు తెలిసింది అంతే.

నీలి పెన్ను | రాజాం | ఉదయం 8:05

నమస్కారం బాబాయ్ గారూ. కోపంగా రాయడం లేదు. కాని ఓపిక లేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

నాకు 29. 2018 డీఎస్సీలో కొద్దిలో పోయింది. మళ్లీ పరీక్ష దాకా వెళ్లిన నోటిఫికేషన్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2025 ఏప్రిల్‌లో. దాదాపు ఏడేళ్లు. మీ కొబ్బరి చెట్టు కంటే ఎక్కువ కాలం ఆగాను. 16,347 పోస్టులకు మూడు లక్షల ముప్పై వేల పైన మంది పోటీ పడ్డాం. మధ్యలో ప్రైవేటు స్కూల్లో చేశాను, ఎనిమిది వేలు జీతం. వేసవి రెండు నెలలు అదీ లేదు. ఈసారీ రాలేదు. అమ్మ ఇంకా "వచ్చే ఏడు చూద్దాంలే" అంటోంది. నాన్న మాట్లాడడం మానేశారు.

మీ తరానికి చదువు అంటే బయటపడే దారి. ఇంట్లో ఒకరు డిగ్రీ చదివితే కుటుంబం మొత్తం గట్టెక్కింది. మా తరంలో వీధికి పది మంది బీటెక్‌లు, నలుగురు బీఈడీలు. మీరు ఎక్కిన నిచ్చెన మాకూ చూపించారు, మేమూ ఎక్కాం. పైన చోటు లేదు. దానికి మమ్మల్ని అంటే ఎలా?

లెక్కల పిచ్చి | ఉదయం 8:40

చెల్లీ, నువ్వు చెప్పినదాని మీద పీటర్ టర్చిన్ అనే ఆయన చాలా పని చేశారు. చక్రాల సిద్ధాంతాల్లో నాకు కాస్త నమ్మకం ఉన్నది ఇదొక్కటే. ఎందుకంటే ఆయన తేదీలతో మొదలుపెట్టడు, కారణంతో మొదలుపెడతాడు. పెద్ద కుర్చీల కోసం తయారైనవాళ్లు పెరుగుతుంటారు, కుర్చీలు పెరగవు. కింద కూలి విలువ పడిపోతుంటుంది. రెండూ కలిస్తే సమాజంలో అశాంతి మొదలవుతుంది. 2020 ప్రాంతంలో అమెరికాలో గందరగోళం వస్తుందని 2010లోనే రాశాడు. అక్కడ అలాగే జరిగింది.

ఇక్కడా అదే జరుగుతుందని నేననను. కాని ఏడేళ్లకో నోటిఫికేషన్ అనేది కాలచక్రం కాదు. అది ఆఫీసులో తీసుకున్న నిర్ణయం. మార్చవచ్చు.

ఉద్దానం జీడిచెట్టు | ఉదయం 9:30

అమ్మా, తప్పు నాదే. తొందరపడి రాశాను. మా చిన్నోడు కూడా బీటెక్ చేసి చెన్నైలో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. వాడు గునపం పట్టలేదంటే వాడిని తోటలోకి రానివ్వనిది నేనే. "నువ్వు చదువుకో, ఈ మట్టి నాతో పోనీ" అన్నాను. ఇప్పుడు రాలేదని బాధపడుతున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఉద్దానంలో తరం అన్న మాటకి వేరే అర్థం ఉంది. కిడ్నీ జబ్బు. మా వీధిలో ముసలివాళ్లున్నారు, పిల్లలున్నారు. మధ్యలో నలభై, యాభై ఏళ్ల మగవాళ్లే చాలా ఇళ్లలో లేరు. కొబ్బరి ఎక్కేవాళ్లు, జీడి పిక్క ఒలిచేవాళ్లు. ఇక్కడ చదువు రాని ఆడవాళ్లు కూడా క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్షలో అంకె) ఎంతుందో చెబుతారు. 1990ల నుంచి డాక్టర్లు వస్తున్నారు, రక్తాలు తీసుకుంటున్నారు. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి నీళ్లొచ్చాయి. అది మంచిదే. కాని తండ్రి పోయిన ఇంట్లో తాత నేర్పిన పని మనవడికి ఎవరు చెబుతారు? తాత నిచ్చెన ఎక్కలేడు.

వేరావల్ బోటు | ఎచ్చెర్ల దగ్గర ఊరు | మధ్యాహ్నం 1:10

మాది సముద్రం ఒడ్డు. మా తాత వాళ్ల నాన్న రంగూన్ రేవులో మూటలు మోసేవాడట. అక్కడ మనవాళ్లను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో సమ్మె చేస్తే గొడవలై చాలామంది చచ్చిపోయారు. ఆయన ఓడ ఎక్కి వచ్చేశాడు. రెండేళ్లకి మళ్లీ అదే ఓడ ఎక్కాడు, ఎందుకంటే ఇక్కడ తినడానికేం లేదు.

నేను పదహారో ఏట నుంచి గుజరాత్‌లోని వేరావల్ రేవుకి చేపల వేటకి వెళ్తున్నాను. ఆగస్టులో రైలు, మళ్లీ వేసవిలో వేట ఆపినప్పుడు ఇంటికి. 2018 చివర్లో మనవాళ్లు ఇరవై మంది దాకా పాకిస్తాన్‌కి పట్టుబడి 2020 జనవరిలో వదిలితే వచ్చారు కదా, ఆ సీజన్‌లో నేనూ ఆ నీళ్లలోనే ఉన్నాను. వాళ్లు తిరిగొచ్చిన ఏడాదే లాక్‌డౌన్. బోటులోనే పడుకున్నాం నెల రోజులు. ఏప్రిల్ చివర బస్సులు పెట్టి వేల మందిని తెచ్చారు.

మీరు ఎనభై ఏళ్ల చక్రం అంటున్నారు. మాది ఏడాది చక్రం. రంగూన్ పోయి వేరావల్ వచ్చింది, అంతే. మూలపేట పోర్టు కడుతున్నారు, మా ఒడ్డున జెట్టీ ఉంటే మేమెందుకు వెళ్తాం అని ముప్పై ఏళ్ల నుంచి అడుగుతున్నాం. నా కొడుకు ఏడో తరగతి. వాడు ఏ రైలూ ఎక్కకూడదు.

సీతంపేట వాన | మధ్యాహ్నం 2:45

మా ఏజెన్సీలో పెద్దవాళ్లు వయసు సంవత్సరాల్లో చెప్పరు. "గొడవల ముందు పుట్టినోడు, గొడవలప్పుడు ఎదిగినోడు, 1/70 వచ్చాక పుట్టినోడు" అంటారు. 1/70 అంటే ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా 1970లో వచ్చిన చట్టం. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని తుపాకీతో కాల్చి చంపేశారు. తర్వాత మూడేళ్లు జరిగిన గిరిజన, నక్సలైట్ పోరాటం, పోలీసుల వేట అందరికీ తెలుసు. మా తాతకి పదిహేనేళ్లు అప్పుడు. పోలీసు జీపు చప్పుడంటే చివరి దాకా ఉలిక్కిపడేవాడు. మా నాన్న 1/70 చట్టం తర్వాత మనిషి. కాగితం అంటే నమ్మకం. పట్టా చేతిలో ఉంటే షావుకారు రాలేడని ధైర్యం. నేను ఆశ్రమ పాఠశాలలో చదివి నర్సు అయ్యాను. నాకు ఆ భయమూ లేదు, ఆ కాగితం విలువా సరిగ్గా తెలియదు. మొన్న పోడు పట్టా జిరాక్స్ పోగొడితే నాన్న రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడు అర్థమైంది.

పాత చాక్‌పీస్ | సాయంత్రం 4:30

అమ్మా, మీరు రాసినది కార్ల్ మాన్‌హైమ్ అనే, హంగరీలో పుట్టి జర్మనీలో పనిచేసిన పండితుడు 1928లో చెప్పిన సంగతే. ఒకే ఏడు పుట్టినంత మాత్రాన ఒక తరం కాదు, ఎదిగే వయసులో ఒకే దెబ్బ తిన్నవాళ్లే ఒక తరం. 1967లో పదిహేనేళ్లున్న సీతంపేట పిల్లవాడూ, అదే వయసున్న విజయనగరం పిల్లవాడినైన నేనూ ఒక తరం కాదు. నేను ఆ రోజుల్లో కాలేజీ ముందు క్రికెట్ ఆడుకున్నాను. ఆ కాల్పుల వార్తలు నాకు పేపర్లో మూడో పేజీ. ఇప్పుడు మీ పోస్టు చదివాక ఆ సంగతి తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంది.

పలాస కోడలు | సాయంత్రం 6:15

ఉదయం నుంచి అన్నీ చదివాను. మనసులో ఒక ప్రశ్న తిరుగుతోంది, రేవు తమ్ముడినే అడుగుతాను.

మీ ముత్తాత రంగూన్ నుంచి నడిచొచ్చేసరికి ఆ ముక్క కూడు పెట్టింది అన్నారు. ఆయన ఎన్నాళ్లు లేడు? ఆ ఏళ్లలో ఆ చేను దున్నించింది, కలుపు తీసింది, శిస్తు కట్టింది, ఎవరి చేతుల్లోకీ పోకుండా చూసింది ఎవరు?

మన శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకు వెయ్యికి పైగా ఆడవాళ్లున్నారు. గొప్పగా చెప్పుకుంటాం. అందులో సగం సంగతి మగవాళ్లు ఊళ్లో లేకపోవడం. మా అత్తగారు పెళ్లైన నలభై ఏళ్లలో భర్తతో గడిపింది కలిపితే పదేళ్లు కూడా లేదు. ఆయన ఖరగ్‌పూర్, తర్వాత సూరత్. ఆవిడ జీవితంలో మీరు చెప్పే నాలుగు కాలాలూ లేవు. తెల్లారితే నీళ్లు, పొయ్యి, జీడి పిక్కలు, పిల్లల బడి. కరువొచ్చినా, ప్రభుత్వం మారినా, ఎన్టీఆర్ వచ్చినా అదే పని. వెళ్లినవాడు తిరిగొచ్చాడంటే ఉన్నవాళ్లు ఉండబట్టే వచ్చాడు.

కళింగపట్నం రేవు | రాత్రి 8:50

అక్కా, మీ పోస్టు చదివి వెళ్లి నాన్నని అడిగాను. ముత్తాత పదకొండేళ్లు రంగూన్‌లో ఉన్నాడట. బియ్యం మిల్లులో పని. మధ్యలో రెండుసార్లు వచ్చాడు. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాక అరకాన్ కొండల దారిన చిట్టగాంగ్ దాకా నడిచాడు. తోడు బయల్దేరిన తొమ్మిది మందిలో నలుగురే ఇల్లు చేరారు. ఇదంతా నాన్నకి గుర్తుంది, చిన్నప్పుడు వందసార్లు విన్నాడు.

చేను ఎవరు చూశారంటే కాసేపు ఆలోచించి "మా నానమ్మే" అన్నారు. అప్పటికి అది చోళ్లు పండే చేను, తోట తర్వాత వేశారు. ఆవిడ పేరేంటని అడిగాను. నాన్నకి గుర్తు రాలేదు. అందరూ "రంగూనోడి పెళ్లాం" అనేవారట. అత్తకి ఫోన్ చేశారు, ఆవిడకీ తెలియదు. పదకొండేళ్లు ఆ ముక్కని నిలబెట్టిన మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

2020లో నేనొచ్చినప్పుడు ఇంటి తలుపు తీసింది అమ్మ. గాదెలో ధాన్యం పోయించి ఉంచింది అమ్మ. అమ్మ 2022లో పోయింది. ఇప్పుడు నాన్న ఒక్కరే.

లెక్కల పిచ్చి | రాత్రి 9:25

అన్నయ్యా, నేనూ ఈ కోణంలో చూడలేదు. దీన్ని లెక్కల్లో పెడితే భయమేస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున పిల్లలు 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024లో దాన్ని ఎత్తేసింది. ముప్పై ఏళ్లలో భయం తలకిందులైంది.

గత ఎనభై ఏళ్లలో ఎవరు వెళ్లినా ఊళ్లో ఎవరో ఒకరు ఉన్నారు. ఇప్పుడు అక్కలు, చెల్లెళ్లు కూడా చదువుకుని వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. తర్వాతి దెబ్బ తగిలేసరికి తలుపు తీసే మనిషి ఉంటారా? పాత చక్రాలేవీ దీనికి జవాబు చెప్పవు. ఇది మొదటిసారి జరుగుతోంది.

నీలి పెన్ను | రాత్రి 10:00

నేను ఉన్నాను అన్నా. ఉండిపోవాలని కాదు, పోస్టింగ్ వస్తే ఎక్కడికైనా వెళ్తాను. కాని రేపటి నుంచి మా అమ్మమ్మ చెప్పేవి నోట్‌బుక్కులో రాస్తాను. ఆవిడ జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు చేసింది. మిల్లు మూసేసినప్పుడు నాకు ఆరేళ్లు. గేటు ముందు ఆడవాళ్లు కూర్చోవడం గుర్తుంది. ఎందుకు కూర్చున్నారో ఎప్పుడూ అడగలేదు.

ఉద్దానం జీడిచెట్టు | రాత్రి 10:20

రేవు బాబూ, తోట అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, నేను చెప్పను. అమ్మినా తప్పు లేదు, అప్పు అప్పే. ఉంచితే మాత్రం ఖాళీగా ఉంచొద్దు. చెట్ల మధ్య పసుపో, అనాసో వెయ్యండి. పని చేసేవాళ్లకి కౌలుకిచ్చినా మంచిదే. చూసే మనిషి లేకపోతే మూడేళ్లలో ఆక్రమణ అవుతుంది.

పలాస కోడలు | మర్నాడు ఉదయం 7:10

తమ్ముడూ, రాత్రంతా మీ ముత్తవ్వ గురించే ఆలోచన. మా అత్తగారి మేనత్త ఒకావిడ ఉన్నారు, మందస దగ్గర. తొంభై దాటాయి. పుట్టింది రంగూన్‌లోనే, ఏడెనిమిదేళ్ల పిల్లగా తల్లితో నడిచి వచ్చింది. మందస కాల్పుల్లో గర్భంతో ఉన్న గున్నమ్మ చనిపోయిన సంగతి ఇక్కడికొచ్చాక ఊరి ఆడవాళ్ల నోట విని పెరిగింది. ఆ నడక కథ మగవాళ్లు చెప్పేదానికీ ఈవిడ చెప్పేదానికీ చాలా తేడా. దారిలో ఏం వండుకున్నారు, చంటిపిల్లల్ని ఎలా మోశారు, ఎవరిని ఎక్కడ వదిలేశారు. గార వైపు నుంచి వచ్చినవాళ్ల పేర్లు కూడా కొన్ని చెబుతుంది.

కళింగపట్నం రేవు | ఉదయం 7:25

అక్కా, ఆవిడ్ని కలవవచ్చా? బ్రోకర్‌కి ఫోన్ చేసి ఉగాది దాకా ఆగమన్నాను. సెలవు ఇంకో నాలుగు రోజులు పొడిగించాను. నాన్న కూడా వస్తానంటున్నారు.

పలాస కోడలు | ఉదయం 7:40

ఆదివారం రండి. పలాసలో దిగితే మా అబ్బాయి బండి తెస్తాడు. పొద్దున్న పదిలోపు చేరుకోండి, భోజనం చేశాక ఆవిడ పడుకుంటుంది. కుడి చెవి వినపడదు, ఎడమ వైపు కూర్చోవాలి. నాన్నగారిని ముందు మాట్లాడనివ్వండి, ఆ యాస వింటే ఆవిడే మొదలుపెడుతుంది.